పక్షవాతం తెల్లారేదాకా ఆగదు

(సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇప్పటిదాకా విన్నారు. ఆరోగ్య కమిటీ వంతు వచ్చేసరికి అందరికీ ఆకలి మొదలవుతుందని మాకు తెలుసు. అయినా కాసేపు ఓపిక పట్టండి. కరోనా కాలంలో పక్షవాతం వచ్చినవాళ్లకు ఏమైందన్నదే ఈసారి మా నివేదిక. "కరోనా పోయింది కదా, మళ్లీ ఆ ముచ్చటెందుకు?" అని ఒకరిద్దరు అడిగారు. అప్పుడు మన సంఘంలో జరిగిన ఒక తప్పు ఇంకా మన మధ్యనే ఉంది. అందుకే చెప్పాల్సి వస్తోంది.

ఆ రోజులు ఒకసారి గుర్తు చేసుకుందాం. 2020 మార్చి 2న మన రాష్ట్రంలో మొదటి కరోనా కేసు బయటపడింది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, దాని వెంటనే లాక్‌డౌన్. గచ్చిబౌలిలో కంపెనీలన్నీ పిల్లల్ని ఇంటి నుంచి పని చేసుకోమన్నాయి. అంజయ్యనగర్, సిద్దిఖ్‌నగర్, టెలికాంనగర్‌లలో హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. హాస్టళ్లలో వండేవాళ్లం, కంపెనీల్లో హౌస్‌కీపింగ్ చేసేవాళ్లం, ఫ్లాట్లలో అంట్లు తోమేవాళ్లం ఒక్క వారంలో ఇంట్లో కూర్చున్నాం. అపార్ట్‌మెంట్ గేటు దాటి పనిమనుషులు రావొద్దన్నారు. మెట్రో బంద్, ఎంఎంటీఎస్ బంద్, సిటీ బస్సులు బంద్. ఏప్రిల్‌లో మన గచ్చిబౌలి స్టేడియం పక్కన క్రీడాకారుల కోసం కట్టిన భవనాన్ని రోజుల్లోనే 1,500 పడకల టిమ్స్ ఆస్పత్రిగా మార్చారు. మే 1 తెల్లవారుజామున వలస కూలీలతో దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌కు కదిలింది. ఇవన్నీ మన కళ్ల ముందు జరిగాయి. మనం కూడా ఊరికే కూర్చోలేదు. మాస్కులు కుట్టాం, బియ్యం పంచాం, సంఘం కిస్తీలు ఎట్లా కట్టాలా అని తల పట్టుకున్నాం.

ఆ ఏప్రిల్‌లోనే ఇది జరిగింది. మన సభ్యురాలు ఒకామె, వయసు 46, హాస్టల్లో వంట చేసేది. నాలుగేళ్లుగా బీపీ. హాస్టల్ మూతపడ్డాక జీతం ఆగింది, మాత్రలు కూడా ఆపేసింది. "పానం మంచిగనే ఉంది, పైసలు వచ్చినంక కొనుక్కుంటా" అనుకుంది. ఒకరోజు సాయంత్రం ఆరు గంటలకు కూర కలుపుతుంటే గరిటె చేతిలోంచి జారింది. వంగి తీసుకోబోతే కుడి చెయ్యి రాలేదు. కూతుర్ని పిలిస్తే మాట ముద్దగా వచ్చింది. మూతి ఒక పక్కకు వంగింది.

కూతురు పరుగెత్తుకుని వచ్చింది మన దగ్గరికే. ఆ గల్లీలో ఉన్న సంఘం సభ్యులం ఐదారుగురం పోయాం. ఏం చేశామో దాచకుండా చెప్తాం. ఒకరు షుగర్ పడిపోయిందన్నారు, చక్కెర నీళ్లు తాగించాం. ఒకరు గ్యాస్ అన్నారు. ఒకరు అరికాళ్లకు కొబ్బరినూనె రాశారు. ఆస్పత్రికి తీసుకుపోదామని కూతురు ఏడుస్తుంటే మేమే ఆపాం. "ఏడు దాటితే కర్ఫ్యూ, పోలీసోళ్లు ఆపుతరు." "దవాఖానకు పోతే లేని కరోనా అంటుకుంటది." "గాంధీకి తోలిస్తరు, మనిషిని చూడనియ్యరు." "పొద్దుగాల పోదాం తీ." ఈ మాటలన్నీ మనవే. ఎవరో పరాయివాళ్లు అన్నవి కావు. ఆమె మంచి కోరే అన్నాం. రాత్రంతా పక్కనే కూర్చుని విసిరాం కూడా.

పొద్దున ఆటో దొరికేసరికి ఎనిమిది దాటింది. మొదట పోయిన ఆస్పత్రిలో గేటు దగ్గరే జ్వరం చూశారు, కరోనా రిపోర్టు ఉందా అన్నారు, బెడ్లు లేవన్నారు. రెండో చోట చేర్చుకున్నారు. తలకు స్కాన్ తీసేసరికి పదకొండు. అక్కడ డాక్టరమ్మ మొదట అడిగింది ఆధార్ కార్డు కాదు, డబ్బు కాదు. "చివరిసారి ఈమె బాగా ఉన్నది ఎన్ని గంటలకు?" అని అడిగింది. నిన్న సాయంత్రం ఆరింటికి అన్నాం. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మెదడులో రక్తం గడ్డ కట్టింది. నాలుగున్నర గంటల్లోపు తెస్తే గడ్డను కరిగించే ఇంజక్షన్ ఇచ్చేవాళ్లం, ఇప్పుడు ఆ టైం దాటిపోయింది" అంది.

ఆమె బతికింది. ఇవాళ రెండో వరసలో కూర్చుని ఉంది. కుడి కాలు ఈడుస్తూ నడుస్తుంది. కుడి చేత్తో గరిటె పట్టుకోలేదు. తీర్మానం పుస్తకంలో సంతకం ఎడమ చేత్తో పెడుతుంది. ఈ సంగతి మహాసభలో చెప్పమన్నది ఆమే. "నా పేరు చెప్పొద్దు, కానీ జరిగింది జరిగినట్టు చెప్పుండ్రి" అంది. ఆమె చెప్పమనకపోతే మాకు ఈ మాట పెగిలేది కాదు.

ఇంజక్షన్‌కు నాలుగున్నర గంటల గడువు ఎందుకో మేం తర్వాత డాక్టర్లను అడిగి తెలుసుకున్నాం. పక్షవాతం చేతికో కాలికో వచ్చే జబ్బు కాదు, మెదడుకు వచ్చేది. మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే ఆ భాగానికి రక్తం అందదు. ఎక్కువ పక్షవాతాలు ఇట్లాంటివే. మిగతావి నాళం చిట్లి మెదడులో రక్తం కారడం వల్ల వస్తాయి. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీ కణాలు చచ్చిపోతాయని లెక్క కట్టారు. మనం ఆ రాత్రి కూర్చున్న గంటల్ని ఈ లెక్కతో గుణించి చూడండి. అందుకే గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. అది కూడా ఎంత ముందు ఇస్తే అంత మంచిది. కొందరికి తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డను బయటికి లాగేస్తారు. దానికి మామూలుగా ఆరు గంటలు, స్కాన్ చూసి ఎంపిక చేసిన కొందరికి 24 గంటల దాకా అవకాశం ఉంటుంది. గడ్డా, రక్తం కారడమా అన్నది స్కాన్ తీస్తే తప్ప డాక్టర్‌కు కూడా తెలియదు. ఇంట్లో కూర్చుని మనకెట్లా తెలుస్తుంది?

ఇది మన ఒక్క గల్లీ కథ కాదు. 70 దేశాల్లో 457 ఆస్పత్రుల లెక్కలు కలిపి చూశారు. కరోనా మొదలైన ఆ నాలుగు నెలల్లో పక్షవాతంతో ఆస్పత్రిలో చేరినవాళ్లు అంతకు ముందుకంటే 11.5 శాతం తగ్గారు. గడ్డ కరిగించే ఇంజక్షన్ తీసుకున్నవాళ్లు 13.2 శాతం తగ్గారు. జబ్బు తగ్గిందా? జబ్బు ఎక్కడికీ పోలేదు. మనుషులు గడప దాటలేదు. మూతి కొంచెం వంగినవాళ్లు, చెయ్యి కాసేపు తిమ్మిరెక్కి తగ్గినవాళ్లు ఇంట్లోనే ఆగిపోయారు. పైగా కరోనా రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. కరోనాతో ఆస్పత్రిలో చేరినవాళ్లలో వందకు ఒకరిద్దరికి పక్షవాతం కూడా కనిపించిందని అదే లెక్క చెప్పింది. అంటే పక్షవాతానికి డాక్టర్ అవసరం ఎక్కువైన రోజుల్లోనే జనం తక్కువగా పోయారు.

ఆస్పత్రుల వైపు నుంచి కూడా చూడాలి. గాంధీ ఆస్పత్రిని పూర్తిగా కరోనాకే కేటాయించారు. అక్కడికి పోయే మామూలు రోగులు ఉస్మానియాకు, వేరే చోట్లకు పోవాల్సి వచ్చింది. ప్రతి ఆస్పత్రిలో గేటు దగ్గరే వడపోత. రోగిని తాకే ముందు నర్సు, డాక్టరు పీపీఈ కిట్ తొడుక్కోవాలి. కరోనా రోగికి స్కాన్ తీస్తే ఆ గది శుభ్రం చేశాకే ఇంకొకరిని పంపాలి. సిబ్బందిలో కొందరు క్వారంటైన్‌లో ఉండేవాళ్లు. మన హౌస్‌కీపింగ్ అక్కలు ఆ వార్డుల్లో పని చేశారు కాబట్టి ఈ కష్టం మనకు తెలుసు. అక్కడ ఒక పావుగంట, ఇక్కడ ఒక అరగంట కలిస్తే పక్షవాతం రోగికి ఆ నాలుగున్నర గంటలూ కరిగిపోతాయి. అయితే ఆస్పత్రి లోపల పోయే నిమిషాలు మన చేతిలో లేవు. మన గడప దగ్గర పోయిన గంటలు మాత్రం మన చేతిలో ఉన్నవే. మన సభ్యురాలి విషయంలో గేటు దగ్గర, ఆస్పత్రుల మధ్య మూడు గంటలు పోతే, మన సలహా వల్ల పద్నాలుగు గంటలు పోయాయి.

ఇంకొక నష్టం తర్వాత తెలిసింది. పక్షవాతం వచ్చినవాళ్లకు మొదటి కొన్ని నెలల్లో చేయించే వ్యాయామం చాలా ముఖ్యం. చెయ్యి, కాలు తిరిగి పని నేర్చుకునేది అప్పుడే. లాక్‌డౌన్‌లో ఓపీలు మూసేశారు, ఫిజియోథెరపీ ఆగిపోయింది. ఇంటికొచ్చి చేయించేవాళ్లు రాలేదు. మన సభ్యురాలికి నాలుగు నెలల పాటు కూతురే ఫోన్‌లో వీడియోలు చూసి చేయించింది. ఎవరో చెప్పారని ఇంటాయన పావురం నెత్తురు కూడా తెచ్చి రాశాడు. దానివల్ల చెయ్యి లేవలేదు, ఉన్న నాలుగు రూపాయలు మాత్రం పోయాయి.

ఇప్పుడు రెండో సంగతి. 2021 మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్ పెట్టారు, పొద్దున ఆరు నుంచి పది వరకే సడలింపు. ఆ నెలలోనే ఇంకొక సంఘంలో ఒక సభ్యురాలి అత్తకు అన్నం తింటుండగా ఎడమ చెయ్యి జారింది, తల పగిలిపోతున్నట్టు నొప్పి, వాంతి. టైం మధ్యాహ్నం ఒకటిన్నర. ఈసారి కోడలు ఎవరినీ సలహా అడగలేదు. 108కి ఫోన్ చేసి "పక్షవాతం లక్షణాలు, మొదలై పది నిమిషాలైంది" అని చెప్పింది. తర్వాత మనకు ఫోన్ చేసింది. సంఘం నుంచి ఐదు వేలు తీసి ఒకరు అంబులెన్స్‌లోనే వెంట పోయాం. గంటన్నరలో స్కాన్ అయింది. ఆమెకు గడ్డ కాదు, నాళం చిట్లి రక్తం కారింది. కాబట్టి ఆ ఇంజక్షన్ ఇవ్వలేదు. బీపీ వెంటనే అదుపులోకి తెచ్చి, ఐసీయూలో పెట్టారు. మూడు వారాలకు ఇంటికి వచ్చింది. కర్ర పట్టుకుని నడుస్తుంది, మాట స్పష్టంగా ఉంది, మనవడికి తనే అన్నం పెడుతుంది.

ఈ సంగతి ఎందుకు చెప్తున్నామంటే, ముందుగా పోతే అందరూ పూర్తిగా బాగైపోతారని మేం చెప్పడం లేదు. కానీ చేయగలిగింది ఏదైనా ఉంటే అది ముందుగా పోయినవాళ్లకే దక్కుతుంది. ఇంకొక మాట. ఆ రోజు ఎవరైనా తెలిసినట్టు రక్తం పలచబడే మాత్ర మింగించి ఉంటే, కారే రక్తం ఇంకా ఎక్కువయ్యేది.

అప్పట్లో మనల్ని ఆపిన భయాల్లో చాలావాటికి ఆధారం లేదని కూడా తెలుసుకున్నాం. కర్ఫ్యూలో కూడా 108 ఆగలేదు. అత్యవసరంగా ఆస్పత్రికి పోయేవాళ్లకు మినహాయింపు ఉండేది. కరోనా కాని అత్యవసరాల కోసం మన సైబరాబాద్ పోలీసులు, సెక్యూరిటీ కౌన్సిల్ కలిసి ఉచితంగా వాహనాలు కూడా నడిపారు. ఇవి మన గల్లీలోకి వార్తగా రాలేదు. వదంతి మాత్రం వచ్చింది. మాస్కులు కుట్టి ఇంటింటికీ పంచిన మనం ఆ నంబర్లు కూడా ఇంటింటికీ పంచి ఉండొచ్చు. అప్పుడు తట్టలేదు.

సరే, ఇప్పుడేం చేయాలి? నాలుగు మాటలు గుర్తు పెట్టుకోండి: ముఖం, చెయ్యి, మాట, టైం.

ముఖం: నవ్వమనండి. మూతి ఒక పక్కకు పోతోందా చూడండి.

చెయ్యి: రెండు చేతులూ ముందుకు చాపి ఉంచమనండి. ఒక చెయ్యి కిందికి జారుతోందా చూడండి.

మాట: మన సంఘం పేరు చెప్పమనండి. ముద్దగా వచ్చినా, అసలు రాకపోయినా అనుమానించాలి.

టైం: ఇందులో ఏ ఒక్కటి కనిపించినా గడియారం చూడండి, 108కి ఫోన్ చేయండి.

ఉన్నట్టుండి చూపు మసకబారడం, తూలి పడిపోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి రావడం కూడా లక్షణాలే. పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే, ఆస్పత్రికి పోవాలి. అది పెద్దది రాబోతోందని చెప్పే హెచ్చరిక కావచ్చు.

చేయకూడనివి కూడా వినండి. నోట్లో నీళ్లు, చక్కెర, మాత్ర ఏదీ వేయొద్దు. గొంతు కూడా పని చేయకపోవచ్చు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ రాత్రి మేం తాగించిన చక్కెర నీళ్లు ప్రాణం మీదికి రాకపోవడం మా అదృష్టం. బీపీ మాత్ర రెండింతలు వేయొద్దు. పసరు, నెత్తురు, నూనె రాస్తూ కూర్చోవద్దు. పడుకోబెట్టి "కాసేపు చూద్దాం" అనొద్దు.

ఆస్పత్రిలో డాక్టర్‌కు మూడు సంగతులు కావాలి. చివరిసారి ఎన్ని గంటలకు బాగున్నారు, ఏ మాత్రలు వాడుతున్నారు, బీపీ, షుగర్ ఉన్నాయా. నిద్రలోంచి లేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే, రాత్రి పడుకునే ముందు బాగున్న టైం చెప్పాలి.

మన చుట్టూ ఎన్ని పెద్ద ఆస్పత్రులు ఉన్నాయో మీకు తెలుసు. వాటి నేల తుడిచేది, క్యాంటీన్‌లో వండేది మన సంఘాల అక్కలే. అయినా రాత్రి రెండు గంటలకు తలకు స్కాన్ తీసి, ఆ ఇంజక్షన్ ఇచ్చే ఆస్పత్రి ఏది, ఆరోగ్యశ్రీ ఎక్కడ నడుస్తుంది అంటే మనలో చాలామందికి తెలియదు. పంజాగుట్టలో నిమ్స్ ఉంది, ఉస్మానియా, గాంధీ ఉన్నాయి. దగ్గరలో ఏది ఉందో ముందే పోయి అడిగి రాసి పెట్టుకోవాలి. ప్రాణం మీదికి వచ్చిన రోగిని కాపాడే బాధ్యత ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా అందరిమీదా ఉందని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. గేటు దగ్గర ఎవరైనా నిలబెడితే ఈ మాట గట్టిగా, మర్యాదగా అడగండి.

అన్నిటికన్నా ముందు బీపీ. పక్షవాతానికి పెద్ద కారణం అదే. బీపీకి నొప్పి ఉండదు, అందుకే డబ్బు కరువైనప్పుడు మొదట ఆపేసేది ఆ మాత్రనే. బస్తీ దవాఖానలో బీపీ ఉచితంగా చూస్తారు, మాత్రలు ఇస్తారు. 140కి 90 దాటితే ఊరుకోవద్దు. పని పోయినా, పండగ వచ్చినా, ఊరికి పోయినా మాత్ర ఆపొద్దు. పని మానేసిన మనిషికి కూడా బీపీ మానదు.

ఇవన్నీ చర్చించి, ఈ ఏడాది ఆరోగ్య కమిటీ ఐదు తీర్మానాలను సభ ముందు పెడుతోంది.

ఒకటి, ప్రతి సంఘం నెల మీటింగ్‌లో పొదుపు కట్టే ముందు బీపీ చూడాలి. సమాఖ్య డబ్బుతో బీపీ మిషన్లు కొని, నలుగురైదుగురు సంఘాలకు ఒకటి ఇవ్వాలి. అంకెను పొదుపు పుస్తకం చివరి పేజీలో రాయాలి.

రెండు, మాత్రలకు డబ్బు లేని సభ్యురాలు అడగడానికి సిగ్గుపడకుండా, సంఘమే "ఈ నెల మాత్రలు ఉన్నాయా?" అని అడగాలి.

మూడు, అత్యవసరానికి ఐదు వేలు ఇద్దరు సభ్యుల మాట మీద అదే గంటలో ఇవ్వాలి. తీర్మానం, సంతకాలు తర్వాత. దీనికి వడ్డీ లేదు.

నాలుగు, ప్రతి గల్లీలో రాత్రి ఫోన్ ఎత్తే ఇద్దరి పేర్లు, 108, దగ్గరి ఆస్పత్రి నంబరు ప్రతి ఇంటి తలుపు వెనక అతికించాలి. ఆధార్, రేషన్ కార్డు, మందుల చీటీ ఒకే కవర్‌లో పెట్టుకోవాలి. కవర్ దొరకలేదని మాత్రం ఆగొద్దు.

ఐదు, పక్షవాతం వచ్చి ఇంటికి వచ్చిన సభ్యురాలికి ఆరు నెలలు వంతులవారీగా వ్యాయామం చేయించాలి. ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకుంటే మనమే చేయించవచ్చు. వాళ్ల ఇంట్లో చూసుకునే ఆడపిల్ల చదువో పనో ఆగిపోకుండా చూడాలి.

మళ్లీ మహమ్మారి వస్తుందో రాదో మనం చెప్పలేం. రేపు వరద రావచ్చు, బంద్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఏది వచ్చినా పక్షవాతం సెలవు తీసుకోదు. అట్లాంటి రాత్రి గల్లీలో ఎవరైనా "పొద్దుగాల పోదాం తీ" అంటే, పక్కనున్న ఒక్క సంఘం మనిషైనా "ఇప్పుడే పోదాం" అనాలి. మనం ఆ రాత్రి అనలేకపోయిన మాట అదే.

తీర్మానాల మీద చేతులెత్తే ముందు, రెండో వరసలో ఉన్న మన అక్కకు సంఘం తరఫున ఒక మాట. అక్కా, ఆ రాత్రి నిన్ను ఆపింది మేమే. ఇన్నేళ్లలో నువ్వు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఈ ఐదు తీర్మానాల కింద మొదటి సంతకం నువ్వే పెట్టాలని మా కోరిక. ఎడమ చేత్తో అయినా సరే.